నలుగురేమందురో యను భయము

మన పాఠశాలలో ఏ తరగతియందైనను దినమున కొక్కమాఱైనను జరుగు సంగతి యొకటి కలదు. ఉపాధ్యాయుడు పాఠము ముగించి యొక ప్రశ్న వేయును. ఉత్తరము తెలిసినవారు పదిమందికి తక్కువ యుండరు. అయినను చేయి యెత్తువాడు కానరాడు. ఒకడు ప్రక్కవాని మొగము చూచును. ప్రక్కవాడు వెనుకబల్ల వైపు తిరిగి చూచును. వెనుకబల్లవాడు తలవంచుకొని పుస్తకములో నేదియో వెదకుచున్నట్లు నటించును. తుదకు ఉపాధ్యాయుడే యుత్తరము చెప్పివేయును. అప్పుడు పదిమందియు లోలోపల, "అయ్యో, ఇది మాకు తెలిసినదే కదా" యని నొచ్చుకొందురు.

వారిని ఆపినదేమి? తెలివిలేమి కాదు, బెత్తమును కాదు. తప్పు చెప్పినచో నలుగురు నవ్వుదురేమో యను తలంపు ఒక్కటియే. ఈ తలంపునకు పెద్దలు మనుష్యభయమని పేరు పెట్టిరి. సామెతల గ్రంథమున దీనిని వేటకాని యురితో పోల్చియున్నారు. ఆ పోలిక మిక్కిలి తగియున్నది. ఉరి పక్షికి ముందుగా కనబడదు, కాలు తగులుకొనిన పిదపనే తెలియును, పెనగులాడినకొలదియు బిగియును. మనుష్యభయమును అట్టిదే. తరగతిలో చేయి యెత్తనీయనిదే పరీక్షలో ప్రక్కవానికి కాగితము చూపించును, పెద్దవాడైన పిదప సాక్ష్యము చెప్పవలసినచోట నోరు మూయించును, కన్నవారిని కాదనిపించును. చిన్న యురియే కదా యని యుపేక్షింపరాదు.

ఈ భయమును క్రైస్తవ విశ్వాసము ఏ విధముగా తొలగించునో, ఏ విధముగా తొలగింపదో, మాకు తోచినంతవఱకు ఈ వార్షిక సంచికయందు విన్నవించుకొనదలచినాము.

మొట్టమొదట ఒక సంగతి స్పష్టము చేసికొందము. పెద్దలయెడ మర్యాద వేఱు, మనుష్యభయము వేఱు. తండ్రి యింటికి వచ్చినపుడు కుమారుడు లేచి నిలుచుట భయము కాదు, గౌరవము. పదిమందిలో మాటలాడునపుడు గొంతు తగ్గించుకొనుట పిఱికితనము కాదు, మన్నన. నలుగురితో నారాయణా యని మన పెద్దలు చెప్పిన మాటలోను మంచి లేకపోలేదు. ఊరివారితో కలిసి పంట కోయవలెను, కలిసి బావి త్రవ్వవలెను, కలిసి పాడె మోయవలెను. ఇందుకు నలుగురును కావలెను. అయితే ఆ నలుగురు అన్యాయమువైపు నడచునపుడు గూడ వారి వెంబడి నడువవలెననుట ఆ సామెతకు మనము తగిలించిన తప్పుటర్థము. మర్యాదయందు మనము ఎదుటివాని మేలు కోరుదుము. భయమునందు మన పరువును మాత్రము కాచుకొందుము. ఈ రెంటికి బయటి రూపము ఒక్కటే యగుటచేత మనము తఱచు మోసపోవుచుందుము.

కొందఱు బోధకులు మనుష్యభయమునకు మందుగా నింకొక దానిని చెప్పుదురు. "ఎవరేమనుకొనిన నీకేమి? వారినెల్ల తృణప్రాయముగా చూడుము, భయము పోవును" అందురు. ఇది మందు కాదు, ఇంకొక రోగము. ఎదుటివారిని గడ్డిపోచలుగా భావించువానికి భయము పోవుట నిజమే కాని, దానితో దయయు పోవును. అట్టివాడు తరగతిలో గట్టిగా మాటలాడును, గురువునకు ఎదురు చెప్పును, తల్లిని కసరును. తనకు ధైర్యము కలిగినదని సంతోషించును. క్రీస్తునొద్ద మనము నేర్చుకొనదగిన ధైర్యము ఇది కాదు. ఆయన పిలాతు నెదుట వెఱవలేదు, పిలాతును తృణీకరింపనూలేదు.

అయినచో ఆ ధైర్యమెట్టిది? దీనిని తెలిసికొనుటకు పేతురుకంటె మంచి యుదాహరణము మఱొకటి లేదు.

ప్రధానయాజకుని ముంగిట చలి కాచుకొనుచున్న పేతురును ప్రశ్నించినది రాజు కాదు, సేనాపతి కాదు, ఒక పనికత్తె. ఆమె చేతిలో ఖడ్గము లేదు. అయినను ఆ మంటచుట్టు కూర్చున్నవారందఱు తనవైపు తిరిగి చూచునప్పటికి ఆ జాలరివాని గుండె నీరైపోయెను. ఆ రాత్రి ముమ్మాఱు ఎఱుగననెను. అతనిని పట్టియిచ్చినది అతని భాషయే యని మత్తయి వ్రాయుచున్నాడు. గలిలయవారి యాస యెరూషలేము వారికి వినగానే తెలిసిపోయెడిది. పల్లెటూరినుండి వచ్చి ఈ పట్టణపు పాఠశాలలో చేరి, మొదటి దినమున తన యూరి మాట నోటినుండి రాగానే తరగతి యంతయు గొల్లున నవ్వగా విన్న బాలునికి పేతురు బాధ వివరించి చెప్పనక్కఱలేదు.

ఆ పేతురే కొన్ని వారములు గడచిన పిదప అదే పట్టణమున వేలమంది యెదుట నిలిచి, వారు సిలువ వేయించినవాని పేరు వారి మొగముమీదనే ప్రకటించెను. అతని యాస మాఱలేదు. అతడు చదువుకొనలేదు. పెద్దలసభవారు అతనిని విద్యలేని పామరునిగానే గుర్తించిరి. మఱి నడుమ జరిగినదేమి? గలిలయ సముద్రపు టొడ్డున ఒక తెల్లవారుజామున మఱియొక నిప్పులమంట యొద్ద క్రీస్తు అతనిని కలిసికొనెను. ఏల భయపడితివని అడుగలేదు. ఇకమీదట భయపడవు గదా యని మాట పుచ్చుకొనలేదు. తనను ప్రేమించుచున్నాడా యని మాత్రమే ముమ్మాఱు ప్రశ్నించి, తన గొఱ్ఱెలను మేపు పని చేతికిచ్చెను.

చదువరులారా, మా యభిప్రాయమున ఈ విషయమంతటికి కీలకము ఇచ్చటనే యున్నది. భయమునకు విరుగుడు ధైర్యమని మనమందఱము అనుకొందుము. సువార్త యట్లు చెప్పదు. భయమునకు విరుగుడు ప్రేమ యని చెప్పును. ప్రేమ నిండిన యింట భయమునకు చోటు చాలదని యోహాను తన పత్రికయందు చెప్పిన దాని భావమిదియే. తన బిడ్డ నూతిలో పడినపుడు తల్లి తన చీర నలుగునని గాని నలుగురు చూతురని గాని తలపదు. ఆమెకు ధైర్యము పుట్టినదని మనము చెప్పుదుము. నిజమునకు ఆమెకు ఆ క్షణమున తన్నుగూర్చిన తలంపే లేకపోయెను. నేను దేవుని చేత ముందే యెఱుగబడినవాడను, ముందే క్షమింపబడినవాడను అని నమ్మినవానికి తన పరువును కాచుకొను పని తప్పిపోవును. ఆ పని తప్పినవాని చేతులు ఇతరుల కొఱకు ఖాళీ యగును.

ఇదంతయు పుస్తకములోని మాట యని విద్యార్థులు తలపకుండుటకు మా బాల్యమున జరిగిన సంగతి యొకటి చెప్పవలసియున్నది. చెప్పుటకు సిగ్గుగానే యున్నది.

మేము ఒక పట్టణపు పాఠశాలలో బోర్డింగునందుండి చదువుకొనుచుంటిమి. మా తలిదండ్రులు కూలినాలి చేసికొని బ్రతుకువారు. తోడి బాలురలో కొందఱి తండ్రులు ఉద్యోగస్థులు, కొందఱివారు వర్తకులు. మా యింటి సంగతి వారికి తెలియనీయక మేము బహు జాగ్రత్తగా నుండెడివారము. ఒకనాటి మధ్యాహ్నము మా తల్లి యెండలో నడచి వచ్చి గేటు నొద్ద నిలిచెను. తలమీద గంప. గంపలో జొన్నరొట్టెలు, చింతకాయ పచ్చడి, మాకై కుట్టించిన చొక్కా. కాళ్లకు చెప్పులు లేవు. మాతోనున్న స్నేహితుడొకడు, "ఎవరామె?" యని యడిగెను. "మా యూరి మనిషి" యంటిమి.

ఆ మాట ఆమె వినెను. వినినట్లు మొగమున కనబడనీయలేదు. గంప దించి మూట చేతికిచ్చి, "మీ అమ్మ ఇమ్మన్నది బాబూ. ఎండగా ఉన్నది, లోపలికి పోండి" అని మమ్ము బహువచనముతో మన్నించి, వచ్చిన దారినే తిరిగిపోయెను. మా యబద్ధమును ఆమె తానే నిలువబెట్టెను. ఆ రొట్టెలు మాకు గొంతు దిగలేదు.

సెలవులకు ఇంటికి పోయినపుడు మూడు దినములు ఆమె మొగము చూడలేకపోతిమి. నాలుగవ రాత్రి దీపమార్పిన తరువాత చీకటిలో, "అమ్మా, ఆ దినమున నేను..." అని మొదలుపెట్టి, పైమాట రాక యేడ్చితిమి. ఆమె మా తలమీద చేయి వేసి, "తెలుసులేరా. అన్నము తిన్నావా లేదా ఆ పూట?" అని యడిగెను. అంతకుమించి ఆ విషయము ఆమె యెన్నడును ఎత్తలేదు.

మఱుసటి మాఱు ఆమె వచ్చినపుడు మేము గేటు నొద్దకు పరుగెత్తి, గంప మా తలమీద పెట్టుకొని, ఆమెను భోజనశాలకు తోడుకొని వచ్చి, "మా అమ్మ" యని అందఱికి చెప్పితిమి. అపుడు మా గుండె దడదడ కొట్టుకొనలేదని చెప్పినచో అది రెండవ యబద్ధమగును. కొట్టుకొనెను. ఇద్దఱు ముగ్గురు నవ్విరి గూడ. అయినను కాళ్లు నడచినవి, నోరు పలికినది. క్షమింపబడినవానికి కలుగు బలము ఎట్టిదో మాకు పుస్తకములకంటె ముందు మా తల్లి నేర్పెను. తరువాత పేతురు కథ చదివినపుడెల్ల ఆ రెండవ మంటయు, మా యింటి చీకటియు మాకు ఒక్కటిగానే తోచును.

ఇక ఈ విశ్వాసము దేశమున పనిచేసిన విధమును చూతము. మన తెలుగునాటనే కావలసినన్ని దృష్టాంతములు గలవు.

అమెరికను బాప్తిస్టు మిషనువారి తరఫున జాన్ ఎవరెట్ క్లౌ దొరగారు 1866 సెప్టెంబరులో ఒంగోలులో కాపురముంచిరి. పట్టణమందలి అగ్రవర్ణముల పెద్దలు కోరగా పాఠశాల యొకటి తెఱచిరి. పిల్లలు వచ్చిరి. పని చక్కగా సాగునట్లు కనబడెను. అంతలో మాదిగలు కొందఱు క్రీస్తును అంగీకరించి సంఘమున చేరవచ్చిరి. పెద్దలు దొరగారియొద్దకు వచ్చి, వీరిని చేర్చుకొనినచో మా పిల్లలు రారని నిశ్చయముగా చెప్పిరి. ఇది చిన్న చిక్కు కాదు. ఒక ప్రక్క పలుకుబడిగలవారు, నిండిన తరగతులు. మఱియొక ప్రక్క చదువుగాని సొమ్ముగాని లేని కొందఱు పేదలు. అప్పుడు దొరగారు ఒక గదిలోను దొరసానిగారు మఱియొక గదిలోను ఒకరి సంగతి యొకరికి తెలియకయే బైబిలు తెఱచి, కొరింథీయులకు వ్రాసిన మొదటి పత్రిక మొదటి యధ్యాయమున ఒక్క భాగమునే చదివిరట. దేవుడు లోకములో ఎన్నికలేనివారిని ఏర్పఱచుకొనుటను గూర్చిన భాగమది. వారు పేదలను చేర్చుకొనిరి. అగ్రవర్ణముల పిల్లలు వెడలిపోయిరి.

దొరగారి ధైర్యమును మేము తక్కువ చేయము. అయినను ఆయనకు పోయినది ఒక పాఠశాల. ఆ పేదలకు పోవుటకు సిద్ధముగా నున్నది బ్రతుకుతెరువు. 1866 లోనే నెల్లూరు మిషనుకు చెందిన జూయెట్ దొరగారిచేత బాప్తిస్మము పొందిన యెఱ్ఱగుంట్ల పేరయ్యగారు తోళ్ల వ్యాపారము చేయువారు. ఆయన తన వారి పల్లెలలో సువార్త చెప్పగా, 1867 జనవరిలో తాళ్లకొండపాడు ప్రాంతమున 28 మంది బాప్తిస్మము పొందిరి. క్రొత్తగా చేరిన వీరు చచ్చిన పశువుల మాంసము తినమనిరి. గ్రామదేవతల కొలువులయందు డప్పు కొట్టమనిరి. ఆదివారమున పనికి రామనిరి. తరతరములుగా, "అట్లే బాబూ" యనుట తప్ప వేఱుమాట యెఱుగని నోళ్లనుండి, "చేయము" అనుమాట వెలువడెను. గ్రామ పెద్దలు వారిని పలువిధముల బాధించిరి. పని దొరకకుండ చేసిరి. అయినను వారిలో అనేకులు వెనుదీయలేదు.

వీరికి ఈ ధైర్యమెక్కడనుండి వచ్చెను? పెద్దలను ద్వేషించుట వలన వచ్చెనా? ద్వేషమే కారణమైనచో తిరుగబడి కఱ్ఱలు పట్టుకొనియుందురు. వారు చేసినది అది కాదు. పరలోకమందున్న తండ్రి తమ్మును పేరుపెట్టి పిలిచెనని వారు నమ్మిరి. అటుపిమ్మట మునసబుగారి పిలుపు వారికి లోకములో నన్నిటికంటె పెద్ద పిలుపు కాకపోయెను. 1876 మొదలు 1878 వఱకు వచ్చిన గొప్ప కఱవులో క్లౌ దొరగారు బకింగుహాము కాలువ పనిలో మూడున్నర మైళ్ల భాగము గుత్తకు పుచ్చుకొని వేలమందికి కూలి కల్పించిరి. తిండికొఱకు మతము మార్చుకొనిరను మాట రాకుండ ఆ కాలమున బాప్తిస్మము లియ్యక నిలిపిరి. కఱవు పనులు ముగిసిన పిదప 1878 జూలై 3వ తేదీని ఒక్కదినముననే వెల్లంపల్లి యొద్ద గుండ్లకమ్మ యేటిలో 2,222 మంది బాప్తిస్మము పొందిరి. ఈ సంఖ్య ప్రసిద్ధమైనది. ఆ సంఖ్యలో నొక్కొక్కరు తమ యూరికి తిరిగిపోయి, తమ యజమానుని యెదుట నిలువవలసినవారే యని మాత్రము మనము మఱచిపోరాదు.

భయమనునది మనలను అణచువారినుండియే పుట్టదు. మనలను ఆదరించువారినుండియు పుట్టును. ఈ రెండవది జయించుట మఱింత కష్టము. దీనికి దృష్టాంతము దోర్నకల్లు బిషప్పుగా నుండిన అజరయ్యగారు. ఆయన తిరునెల్వేలి ప్రాంతపు తమిళుడు. తెలుగువారి మధ్య పనిచేయుటకై దోర్నకల్లు వచ్చి తెలుగు నేర్చుకొనినవారు. 1910 సంవత్సరమున ఎడింబరో నగరమున జరిగిన ప్రపంచ మిషనరీ మహాసభకు ఆహ్వానింపబడి వెళ్లిరి. ఆ సభలో సుమారు 1,200 మంది ప్రతినిధులుండగా ఆసియా దేశస్థులు పట్టుమని ఇరువదిమంది. అందు లేచి ఆయన పలికిన మాటల సారమిది: మీరు మాకై ఆస్తులిచ్చితిరి, ప్రాణముల నిచ్చితిరి, అందుకు కృతజ్ఞులము, కాని పైనుండి దయచూపుట చాలదు, మాతో సమానముగా కూర్చుండి స్నేహము చేయుడు. సభలో కొందఱికి ఆ మాటలు రుచింపలేదు. మెప్పుకోరువాడు అట్టి సభలో కృతజ్ఞతాస్తుతి చేసి కూర్చుండియుండును. పగబట్టినవాడు నిందించి కూర్చుండియుండును. ఆయన రెండును చేయలేదు, స్నేహమును అడిగెను. స్నేహమడుగువాడు భయపడువాడు కాడు, ద్వేషించువాడును కాడు. 1912 డిసెంబరు 29వ తేదీని కలకత్తాలో ఆయన ఆంగ్లికను సంఘమున మొదటి భారతీయ బిషప్పుగా అభిషేకము పొంది, 1945 జనవరి 1వ తేదీని మరణించువఱకు దోర్నకల్లు నందే సేవచేసిరి.

ఇంతవఱకు చదివినవారు, "విశ్వాసము కలిగినచో భయము ఒక్కసారిగా పోవునా?" యని అడుగవచ్చును. పోదు. మరల పేతురునే చూడుడు. పెద్దలసభ నెదిరించిన పేతురు, కొర్నేలి యింట భోజనము చేసిన పేతురు, అంతియొకయలో అన్యజనులతో కలిసి తినుచుండెను. యెరూషలేమునుండి కొందఱు స్వజనులు రాగానే వారికి వెఱచి పంక్తినుండి ప్రక్కకు తొలగెను. బర్నబా కూడ అతని వెంబడి తొలగెను. పౌలు అందఱి యెదుట మందలింపవలసి వచ్చెను. చెఱసాలకు వెఱవనివాడు తనవారి కనుచూపునకు వెఱచెను! ఆ వెఱపు పంక్తిభోజనము నొద్దనే బయలుపడుట మన దేశస్థులమైన మనము గమనింపదగినది. నేడును మన సంఘములలో ఒక్క గిన్నెలోని ప్రభురాత్రి భోజనము పుచ్చుకొని, ఇంటికి పోయి వివాహము మాట వచ్చునప్పటికి, "మనవారేమందురో" యని కులము లెక్కించు కుటుంబములు లేవా? ఆదివారము పాటలోనున్న ధైర్యము సోమవారము పంక్తిలో ఎచ్చటికి పోవుచున్నది? ఇతర మతస్థుల భయములను ఎన్నుటకు ముందు మనము మన యంతియొకయను చూచుకొనవలెను.

మన పాఠశాలలో హిందూ, మహమ్మదీయ బాలురును గలరు. వారి యిండ్లలోను ధర్మమునకై నిలిచి నలుగురి నవ్వును సహించిన పెద్దలున్నారు. వారికి మా వందనములు. మేము త్రాగిన నూతినిగూర్చి మేము చెప్పుచున్నామే గాని ఇతరుల నూతులయందు నీరు లేదని చెప్పుటలేదు.

ఇక ముగింపుగా మూడు తెగలవారికి మూడు మాటలు.

తలిదండ్రులారా, బిడ్డలను దిద్దుటకు "నలుగురు నవ్వుదురు" అను మాటను బెత్తముగా వాడకుడు. "ఇది న్యాయమా?" యని అడుగుడు. యోహాను సువార్తలో పుట్టుగ్రుడ్డివాని తలిదండ్రులను జ్ఞాపకము చేసికొనుడు. కుమారునికి చూపు వచ్చినది. ఇంటిలో పండుగ జరుగవలసిన దినము. కాని సమాజమందిరమునుండి వెలివేయుదురను భయముచేత వారు, వాడు వయస్సు వచ్చినవాడు, వానినే యడుగుడని తప్పించుకొనిరి. ఆ యువకుడు పెద్దల యెదుట ఒంటరిగా నిలువవలసి వచ్చెను. వెలివేయబడిన వానిని వెదకికొని వచ్చినవాడు క్రీస్తు, కన్నవారు కారు. మీ బిడ్డ సత్యము పలికి చిక్కులో పడిన దినమున వాని ప్రక్కన మీరు లేకపోవుట కంటె వానికి పెద్ద శిక్ష లేదు.

మిషను పనివారలారా, ఉపాధ్యాయ సోదరులారా, ఇందు మేమును చేరినవారమే. తరగతిలో తప్పు చెప్పిన బాలుని చూచి మనము నవ్వినచో నలువదిమందికి నవ్వుటకు అనుమతి నిచ్చినవారమగుదుము. ఇన్‌స్పెక్టరుగారు వచ్చు దినమున మన గొంతులు మాఱుట పిల్లలు గమనింపరని తలపకుడు. మనుష్యభయము వలదని ప్రసంగించి, కార్యదర్శిగారి గది ముందు తడబడు మనము వారికి ఏ పాఠము నేర్పుచున్నాము? పిల్లలు మన మాటలకంటె మన కాళ్లను ఎక్కువగా చూతురు.

విద్యార్థులారా, మీకు పెద్ద సాహసములు చెప్పము. రేపు ఉత్తరము తెలిసినచో చేయి యెత్తుడు; తప్పైనచో దిద్దుకొనుడు. పరీక్షలో కాగితమడిగిన స్నేహితునికి, "ఇయ్యను, సాయంకాలము కూర్చుండి నేర్పుదును" అని చెప్పుడు, చెప్పినట్లు నేర్పుడు. ఎవ్వరును ప్రక్కన కూర్చుండని వాని ప్రక్కన భోజనమునకు కూర్చుండుడు. మీ తల్లి గేటు నొద్దకు వచ్చిన దినమున పరుగెత్తుకొని పోవుడు. పగటివేళ చేయలేకపోయినచో రాత్రివేళ మొదలుపెట్టుడు. నీకొదేము మొదట రాత్రివేళనే వచ్చెను. చీకటిలో వచ్చినవాడని క్రీస్తు అతనిని త్రోసివేయలేదు. శిష్యులందఱు పాఱిపోయిన దినమున, అరిమతయియ యోసేపుతో కలిసి ప్రభువు దేహమును పాతిపెట్టుటకు సుగంధద్రవ్యములు మోసికొని వచ్చినవాడు ఆ నీకొదేమే.

గుండె కొట్టుకొనుట ఆగువఱకు వేచియుండకుడు. అది కొట్టుకొనుచుండగనే నడువవలెను. మా తల్లి నేడు లేదు. ఆమె గంప మా యింట నున్నది. దానిని చూచినపుడెల్ల మేము మొదట పలికిన మాటయు, రెండవసారి పలికిన మాటయు జ్ఞాపకము వచ్చును. మొదటి మాట పలికినవానికే రెండవ మాట పలుకుటకు సమయమిచ్చిన దేవునికి స్తోత్రము చేయుచు, ఈ సంచికను చదువు ప్రతి బాలునికి, ప్రతి బాలికకు ఆ రెండవ సమయము దొరకవలెనని ప్రార్థించుచున్నాము.